‘అన్ని గిటార్లకూ సరిపోతుంది’ అని అమ్ముతున్న కేపోలతో జాగ్రత్త

గోదావరి జిల్లాల్లో గిటారు వాయించేవారికి, ముఖ్యంగా చర్చి క్వైర్లలోనూ పాటకచేరీలలోనూ గాయకుల శ్రుతికి తగ్గట్టు కేపో (గిటారు మెడకు, అంటే నెక్‌కు, బిగించి తీగలన్నిటినీ ఒకేసారి అదిమే బిగింపు) పెట్టుకొని వాయించేవారికి, ఈ విషయం తెలియడం అవసరమని రాస్తున్నాను. రాజమహేంద్రవరంలోని ఒక వాయిద్యాల దుకాణంలో కొన్న స్ప్రింగు కేపో వల్ల నా గిటారు శ్రుతి నిలవడం మానేసింది. అంతకన్నా బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, లోపం కేపోలో ఉండగా అది గిటారుదేనని నమ్మబలికి, లేని జబ్బుకు వైద్యం చేసి నా దగ్గర డబ్బు తీసుకున్నారు. అదే అట్టపెట్టెలో అదే రకం కేపో పాలకొల్లు, భీమవరం దుకాణాల్లో కూడా కనిపిస్తున్నది కనుక మరొకరు నష్టపోకముందే చెప్పడం మంచిదనిపించింది.

మా సంఘంలో పాడే సహోదరి శ్రుతి ఆరు, అంటే పాశ్చాత్య పద్ధతిలో A స్వరం. ఫ్రెట్ అంటే గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మి. రెండో ఫ్రెట్‌లో కేపో పెట్టి జీ కార్డు పట్టుకుంటే ఆ శ్రుతి వస్తుంది. కేపో లేనప్పుడు ఆరు తీగలూ ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరంలో) సరిగ్గా ఉండేవి. కేపో బిగించగానే మూడో తీగ దాదాపు 20 సెంట్లు (శ్రుతి తేడాను కొలిచే ప్రమాణం), నాలుగో తీగ అంతకు కొద్దిగా తక్కువ పైకి వెళ్లిపోయేవి. ఒకటో తీగ, ఆరో తీగ మాత్రం సరిగా అదమక జీరగా మోగేవి. అర్ధస్వరానికి 100 సెంట్లు కాబట్టి 20 సెంట్లు చిన్న తేడా అనిపించవచ్చు గానీ, రెండో ఫ్రెట్ దగ్గర మూడో తీగ పలకవలసినది 220 హెర్ట్జ్, అంటే సెకనుకు 220 కంపనాలు. 20 సెంట్లు పెరిగితే అది 222.5 దాటుతుంది. పక్కన కీబోర్డు అదే స్వరాన్ని 220 దగ్గరే పలుకుతూ ఉంటుంది కనుక, రెండూ కలిసినప్పుడు ధ్వని సెకనుకు రెండు మూడు సార్లు ఉబ్బి తగ్గుతూ వినిపిస్తుంది. సెమీ క్రిస్మస్ పాటల సాధనలో ఇదే జరిగింది. తన గొంతే శ్రుతి తప్పుతున్నదేమోనని ఆ సహోదరి బెంగపడి, పల్లవి ఎత్తుకోవడానికే సంకోచించింది.

గిటారును, కేపోను తీసుకుని దుకాణానికి వెళ్తే, అక్కడివారు కేపోను చేతిలోకైనా తీసుకోకుండా “ఇది కేపో తప్పు కాదండి, మన కోనసీమ గాలికి నెక్ వంగిపోయిందండి” అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండడమే చిక్కు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ; వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, తీగలు తొందరగా తుప్పు పడతాయి, నెక్ వంపు కూడా మారవచ్చు. అందుకే వెంటనే కాదనలేకపోయాను. తీగలు మార్చారు, నెక్‌లోని ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోహపు కడ్డీ) తిప్పారు, సెట్టింగ్ అని విడిగా డబ్బు తీసుకున్నారు. ఇంటికి వచ్చి అదే కేపో పెడితే మూడో తీగ ట్యూనర్‌లో మళ్లీ అక్కడే నిలబడింది.

లోపం ఎక్కడ ఉన్నదో తేల్చుకునే పద్ధతి చాలా సులువు, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. కేపో తీసేసి, అదే ఫ్రెట్ వెనుక చూపుడువేలిని అడ్డంగా పరిచి, తీగ స్పష్టంగా మోగేంత మేరకే అదిమి, ఒక్కొక్క తీగను ట్యూనర్‌లో చూడాలి. వేలితో సరిగ్గా పలికి కేపోతో పెరిగితే తప్పు కేపోది. వేలితో నొక్కినా మొదటి ఒకటి రెండు ఫ్రెట్లలో శ్రుతి పెరుగుతూ ఉంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే చిన్న బద్ద) గాడులు ఎత్తుగా ఉండి ఉండవచ్చు, అప్పుడు మాత్రమే గిటారుకు పని చేయించాలి. నా గిటారు వేలితో నొక్కితే సరిగ్గానే పలికింది. ఒక మిత్రుని దగ్గర ఉన్న స్క్రూ రకం కేపోను అదే గిటారుకు, అదే ఫ్రెట్‌లో పెట్టి చూస్తే ఆరు తీగలూ మూడు నాలుగు సెంట్ల తేడాలోపే ఉన్నాయి.

కారణం కేపోను కంటి ఎత్తుకు పట్టుకుని చూస్తేనే తెలిసింది. దాని రబ్బరు పట్టీ స్కేలు బద్దలా చదునుగా ఉన్నది. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు ఫ్రెట్‌బోర్డు చదునుగానే ఉంటుంది, నట్ దగ్గర వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు. స్టీలు తీగల గిటారుకు ఆ వెడల్పు 43, 44 మిల్లీమీటర్లే. పైగా ఫ్రెట్‌బోర్డు మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది, ఆ వంపు వ్యాసార్ధం ఎక్కువ గిటార్లలో 12 నుంచి 16 అంగుళాలు. చదును పట్టీని ఇటువంటి వంపు మీద పెడితే మధ్య తీగలకు ముందుగా తగిలి వాటినే గట్టిగా అదుముతుంది, అంచు తీగలకు పట్టు చాలదు. ఆ లోటు పూడ్చడానికి తయారీదారు మరింత బిరుసైన స్ప్రింగు వేశాడు. అవసరానికి మించి అదిమినకొద్దీ తీగ ఫ్రెట్ వెనుక కిందికి సాగుతుంది, బిగువు పెరుగుతుంది, బిగువుతో పాటు శ్రుతీ పెరుగుతుంది. స్ప్రింగు ఎంత ఎక్కువ తెరుచుకుంటే అంత గట్టిగా పట్టుతుంది కనుక మందపాటి నెక్ ఉన్న గిటార్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. స్ప్రింగు కేపోలన్నీ చెడ్డవని నా అభిప్రాయం కాదు. సరైన వంపుతో, తగినంత పట్టుతో చేసినవి ఎంతో చక్కగా పనిచేస్తాయి. క్లాసికల్ గిటారుకు పనికివచ్చే చదును పట్టీని ‘అన్ని గిటార్లకూ’ అని రాసి అమ్మడమే మోసం.

ఆ పెట్టె గురించి కూడా చెప్పాలి. పేరున్న కంపెనీ సరుకని చెప్పి ఇచ్చారు, పైన ఆ పేరును పోలిన అక్షరాలే ఉన్నాయి. ప్యాకెట్టు మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, విదేశీ సరుకైతే తయారైన దేశం పేరు తప్పనిసరిగా ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. నాకిచ్చిన పెట్టె మీద ఈ వివరాలలో ధర స్టిక్కరు తప్ప మరేదీ లేదు.

కేపో కొనేటప్పుడు మీ గిటారును, క్లిప్ ట్యూనర్‌ను వెంట తీసుకువెళ్లండి. ట్యూనర్‌ను గిటారు మోడ్‌లో కాక క్రోమాటిక్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే కేపో పెట్టిన తరువాత మారిన స్వరాన్ని అది గుర్తించదు. కేపోను ఫ్రెట్‌కు ఆనించినట్టుగా దాని వెనుకనే, పక్కకు లాగకుండా నిటారుగా దించి పెట్టి, రెండో ఫ్రెట్‌లోనూ ఐదో ఫ్రెట్‌లోనూ ఆరు తీగలూ చూడండి. కొద్దిపాటి తేడా మంచి కేపోతో కూడా వస్తుంది; పెరిగిన తీగను కేపోకు అవతల, సౌండ్ హోల్ (గిటారు పొట్ట మీది రంధ్రం) వైపు, వేలితో మెల్లగా ఒకసారి లాగి వదిలితే అది పట్టీ కింద సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఆ ఒక్క తీగనే కీతో కొద్దిగా దించుకోవచ్చు, కేపో తీసిన వెంటనే మళ్లీ సరిచూసుకోవాలి. కేపో తీసిన తరువాత కూడా తీగ తన శ్రుతికి తిరిగి రాకపోతే అది నట్ గాడిలో ఇరుక్కుని ఉండవచ్చు. మెత్తని పెన్సిలు ముల్లుతో గాడిలో రాస్తే సాఫీగా జారుతుంది. ఒకే కేపోతో రకరకాల గిటార్లు వాయించేవారికి, పట్టును స్క్రూతో తగ్గించి పెంచుకునే రకమే మేలని నా నమ్మకం. జీర పోయేంత వరకే బిగించి అక్కడ ఆపవచ్చు.

దుకాణంవారు కేపోను వెనక్కి తీసుకోలేదు, సెట్టింగ్ డబ్బు మాటే ఎత్తనివ్వలేదు. బిల్లు, పెట్టె, ట్యూనర్ చూపిన అంకెల ఫోటోలు జతచేసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేసుకునే వీలున్నది కాబట్టి, హెల్ప్‌లైన్ ద్వారా పరిష్కారం రాకపోతే రాజమహేంద్రవరం దాకా వెళ్లకుండా ఇక్కడే వేస్తాను. ఇదే పెట్టె కొని ఇదే ఇబ్బంది పడినవారు బిల్లు, ప్యాకెట్టు పారేయకుండా ఉంచుకుని నాకు తెలియజేస్తే, మీ ట్యూనర్ ఫోటోలు కూడా నా ఫిర్యాదుకు జతచేస్తాను.