హాట్ అండ్ కోల్డ్ ఏసీ: ఆటో మోడ్ మేలా, మనమే మార్చుకుంటే మేలా?

హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొన్నవాళ్లు సంక్రాంతి ముందు ఒకసారి, చలి శివశివా అంటూ పోయాక ఇంకోసారి అడిగేది ఇదే: రిమోట్‌ను ఆటోలో పెట్టి వదిలేయొచ్చా, కూల్, హీట్ మనమే మార్చుకోవాలా?

ముందు ఒక మాట. రిమోట్‌పై సూర్యుడి బొమ్మ ఉన్నంత మాత్రాన ఏసీ వేడి గాలి ఇస్తుందని కాదు. చల్లదనం మాత్రమే ఇచ్చే కొన్ని మోడళ్లకూ అదే రిమోట్ ఇస్తారు. గ్యాస్ దారిని తిప్పే ఫోర్ వే వాల్వ్ ఔట్‌డోర్ యూనిట్‌లో ఉంటేనే హీట్ పనిచేస్తుంది.

ఇక ఆటో సంగతి. చలిదేశాల్లో గోడకు బిగించే థర్మోస్టాట్లలో చాలావాటికి రెండు అంకెలు పెట్టుకోవచ్చు. వేడికి 20, చల్లదనానికి 26 పెట్టారనుకోండి, ఆ మధ్యలో యంత్రం ఊరకే ఉంటుంది. మన స్ప్లిట్ రిమోట్‌లో సాధారణంగా ఉండేది ఒక్క అంకె. 24 పెడితే, గది అంతకంటే కాస్త వేడెక్కితే కూల్, కాస్త చల్లబడితే హీట్. చిక్కంతా ఇక్కడే. వరంగల్‌లో ఫిబ్రవరి అంటే మధ్యాహ్నం 32, తెల్లవారుజామున 18 ఉండే రోజులు. తలుపులేసిన గదిలో ఆ వేళకు 21 ఉంటుంది. దుప్పటి కప్పుకున్న మనిషికి అది హాయి, యంత్రానికి మాత్రం లోటు. ఎవరూ అడగకుండానే వేడి మొదలుపెడుతుంది, మధ్యాహ్నం అదే గదిని చల్లబరుస్తుంది. కొన్ని మోడళ్లు ఆన్ చేసినప్పుడే మోడ్ తేల్చుకుంటాయి, కొన్ని నడుమ నడుమ మళ్లీ చూస్తాయి. ఏదైనా బిల్లు మనదే. మన ఊళ్లలో వేడి కావాల్సింది ఏడాదిలో కొద్ది వారాలే. దానికోసం ఆటో ఎందుకు? మోడ్ మనమే పెట్టుకోవాలి: వేసవికి కూల్‌లో 25 లేదా 26, నెమ్మదిగా తిరిగే సీలింగ్ ఫ్యాన్ తోడు. చలికి హీట్‌లో 20 నుంచి 22.

మోడ్ మార్చేటప్పుడు ఏసీ ఆపి మూడు నిమిషాలు ఆగండి. లోపలి ప్రెషర్ సర్దుకోవాలి. వాల్వ్ తిరిగినప్పుడు బుస్సుమనే చప్పుడు మామూలే.

ఫ్యాన్ విషయంలో మాత్రం ఆటోయే మేలు. మొదటి పావుగంట హై పెట్టి, తర్వాత ఆటోకు మార్చండి. వానాకాలం ఉక్కపోతలో ఇది మరీ ముఖ్యం. గది చల్లబడేకొద్దీ ఆటో ఫ్యాన్ వేగాన్ని తగ్గిస్తుంది. గాలి నెమ్మదిగా పోతే కాయిల్, అంటే ఏసీ లోపలి గొట్టాల చుట్ట, ఎక్కువ చల్లగా ఉండి తేమను బాగా లాగుతుంది. పాత, ఇన్వర్టర్ కాని (కంప్రెసర్ వేగం మార్చుకోలేని) ఏసీల్లో కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ హైలో తిరుగుతూ ఉంటే, కాయిల్ మీది నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. అంకె 24 చూపిస్తున్నా ఒళ్లు జిగటగా అనిపించేది అందుకే. కాకపోతే ఫిల్టర్ దుమ్ముపట్టి ఉండి ఫ్యాన్ కూడా లోలో ఉంటే కాయిల్‌పై మంచు కడుతుంది. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ కడగాలి.

తేమ తీయడానికే ఉన్న డ్రై మోడ్ వానాకాలపు సాయంత్రాలకు పనికొస్తుంది, మే నెల వడగాలికి దండగ. చల్లబరచకుండా గాలి మాత్రమే వదిలే ఫ్యాన్ మోడ్ కంటే సీలింగ్ ఫ్యాన్ నయం.

హీట్‌లో ఇంకో తేడా ఉంది. ఆన్ చేయగానే లోపలి ఫ్యాన్ తిరగదు. కాయిల్ వేడెక్కేదాకా ఆగుతుంది, లేకపోతే చల్లగాలి మొహానికి కొడుతుంది. వేడి గాలి పైకి పోతుంది, సెన్సర్ ఉండేదీ పైనే, ఇండోర్ యూనిట్‌లో. అందుకే మంచం దగ్గర చలిగా ఉండగానే కంప్రెసర్ తగ్గిపోతుంది. ఏసీలో గాలి బయటికొచ్చే చోటి రెక్కలను కిందికి వంచండి. రిమోట్‌లో సెన్సర్ ఉంటే ఆ బటన్ నొక్కి రిమోట్‌ను మంచం పక్కన పెట్టుకోండి.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగినప్పుడు ఔట్‌డోర్ కాయిల్‌పై మంచు పేరుకోవచ్చు. దాన్ని కరిగించడానికి వాల్వ్ కాసేపు తిరగబడుతుంది. లోపలి ఫ్యాన్ ఆగుతుంది, ఏసీ మీది లైటు మినుకుమంటుంది, బయట యూనిట్ కింద నీళ్లు కారతాయి. గ్యాస్ పోయిందనుకుని మెకానిక్‌ను పిలిచేస్తారు చాలామంది. పది, పదిహేను నిమిషాలు చూడండి. అప్పటికీ వెచ్చగాలి రాకపోతే అప్పుడు ఫోన్ చేయండి.