308 రీలోడింగ్‌కి మొదటి కిట్: ఆర్‌సీబీఎస్ రాక్ చకరా, లీ ఛాలెంజరా?

రైఫిల్ తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకోవాలనుకునేవాళ్లు ముందు అడిగేది ప్రెస్ గురించే, అంటే తూటా ఇత్తడి గొట్టాన్ని (కేస్‌ను) మీటతో అచ్చులోకి నొక్కే యంత్రం గురించే. ఏది గట్టిది, ఏది వేగంగా పనిచేస్తుంది అని. కానీ తయారైన తూటా నమ్మదగ్గదో కాదో తేల్చేది త్రాసు, సన్నటి కొలతలు చూపే కాలిపర్, కేస్ కొలత సరిపోయిందో లేదో చూపే కేస్ గేజ్. బడ్జెట్‌లో ముందు వాటికి డబ్బు తీసి, మిగిలినదానితో ప్రెస్ కొనాలన్నది మా గట్టి అభిప్రాయం. అమెరికాలో కొత్తవాళ్ల ముందుకు తరచూ వచ్చే రెండు సింగిల్ స్టేజ్ కిట్లను, అంటే మీట లాగిన ప్రతిసారీ ఒకే పని చేసే ప్రెస్ ఉన్న ఆర్‌సీబీఎస్ కంపెనీ రాక్ చకర్‌నూ లీ కంపెనీ ఛాలెంజర్‌నూ, 308 వించెస్టర్ అనే రైఫిల్ తూటా దృష్టితో ఇక్కడ పోలుస్తున్నాం.

ఏదైనా కొనేముందు చట్టం సంగతి. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్లకే. అక్కడైనా హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు జాగ్రత్తగా చదవాలి. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం వాళ్లకు నిషేధించింది. ఆ చట్టం లెక్కలో ఖాళీ ఇత్తడి కేస్, దెబ్బ తగలగానే నిప్పు రాజేసే ప్రైమర్, పౌడర్ (మందు), ముందుకు దూసుకెళ్లే బుల్లెట్ విడివిడిగా ఉన్నా 'తూటాలే'. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు గానీ, అమ్మే వ్యాపారానికి కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరే ఉంటాయి.

రాక్ చకర్ సుప్రీమ్ ప్రెస్ పోత ఇనుముతో చేసింది. 308 కేస్‌ను పూర్తి పొడవునా డైలోకి, అంటే కేస్‌ను కొలతకు తెచ్చే అచ్చులోకి, నొక్కేటప్పుడు ఫ్రేమ్ వంగదు, అందువల్ల భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) కొలత కేస్ కేస్‌కీ మారదు. కిట్‌లో కాడ మీద బరువు జరిపే బీమ్ త్రాసు, పౌడర్ మోతాదు వదిలే యూనిఫ్లో పౌడర్ మెజర్, చేతి ప్రైమింగ్ పరికరం, లూబ్ (కేస్ డైలో జారడానికి రాసే పదార్థం) సామాను, గరాటు, అంచులు నునుపుచేసే పరికరం, లోడింగ్ బ్లాక్, మాన్యువల్ వస్తాయి. 308, 30-06 లాంటి పెద్ద తూటాలు ఏళ్ల తరబడి నింపాలనుకుంటే మా ఓటు దీనికే.

లీ బ్రీచ్ లాక్ ఛాలెంజర్ కిట్ దాదాపు సగం ధరకే దొరుకుతుంది. ఫ్రేమ్ అల్యూమినియం మిశ్రమం. చిన్నదైన 223 తూటాకి హాయిగా సరిపోతుంది, 308కీ పనికొస్తుంది, కాకపోతే చేతి బలం ఎక్కువ పెట్టాలి. బ్రీచ్ లాక్ బుషింగ్ మాత్రం నిజంగా మంచి ఆలోచన. ఒకసారి సరిచేసిన డైని తీసి మళ్లీ పెట్టినా కొలత చెదరదు. ఈ కిట్‌లో బలహీనత త్రాసు. కచ్చితమైనదే, కానీ గీతలు చదవడం కష్టం, ఊగి ఊగి నెమ్మదిగా నిలుస్తుంది. చదవడం కష్టమైన త్రాసు దగ్గర అలసిన కన్ను పొరపాటు చేస్తుంది. లీ కిట్ తీసుకునేవాళ్లు మిగిలిన డబ్బులో మొదటి ఖర్చు మంచి త్రాసు మీదే పెట్టాలి.

రెండు పెట్టెల్లోనూ లేనివి చాలా ఉన్నాయి, కొత్తవాళ్లు లెక్క తప్పేది ఇక్కడే. డైలు విడిగా కొనాలి. లీ డై సెట్‌లో కేస్ అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ కలిసి వస్తుంది, ఆర్‌సీబీఎస్ సెట్‌లో రాదు. 308కి ఆర్‌సీబీఎస్ షెల్ హోల్డర్ 3వ నంబరు, లీ అయితే 2వ నంబరు. రెండు కంపెనీల డైలకూ ప్రామాణిక మర ఒకటే కాబట్టి ఏ డై ఏ ప్రెస్‌లోనైనా బిగుస్తుంది. అంగుళంలో వెయ్యో వంతు చూపే ఆరంగుళాల కాలిపర్, కాలిపర్‌కు బిగించి భుజం దాకా కొలిచే హెడ్‌స్పేస్ కంపేరేటర్, త్రాసును సరిచూసే చెక్ వెయిట్లు, తప్పుగా నింపినదాన్ని విప్పడానికి బుల్లెట్ పుల్లర్ తప్పనిసరి. కేస్‌లను పొడవుకు కోసే ట్రిమ్మర్ ఆర్‌సీబీఎస్ కిట్‌లో ఉండదు. 308 కేస్ గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, 2.005కి కోయాలి. పొడవు మీరితే కేస్ మూతి ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) చివర ఇరుక్కుని బుల్లెట్‌ను పట్టేస్తుంది, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది.

సైజింగ్ డై అమరిక మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి, ఇంకొంచెం తిప్పమని డైతో వచ్చే కాగితం చెబుతుంది. చాలా రైఫిళ్లలో అలా చేస్తే భుజం అవసరానికి మించి వెనక్కి పోతుంది. అలాంటి కేస్ కాల్చిన ప్రతిసారీ సాగి, అడుగుకు కాస్త పైన పలచబడి, చివరికి రెండు ముక్కలవుతుంది. కాల్చిన కేస్ భుజాన్ని కంపేరేటర్‌తో కొలిచి, చేత్తో బోల్ట్ తీసి మూసే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కైతే అంగుళంలో వెయ్యో వంతులు రెండు మాత్రమే వెనక్కి నెట్టండి. కొన వంచిన పేపర్ క్లిప్‌ను కేస్ లోపల గోడ వెంట పైకి లాగితే, పలచబడినచోట గాడి తగులుతుంది. గాడి తగిలినా, బయట అడుగు పైన మెరిసే వలయం కనిపించినా ఆ కేస్ పారేయాల్సిందే.

లూబ్ తక్కువైతే కేస్ డైలో ఇరుక్కుంటుంది, అడుగు అంచు చిరిగిపోతుంది, దాన్ని బయటికి తీయడానికి వేరే కిట్ కొనాలి. ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి. స్ప్రే లూబ్ అయితే పూర్తిగా ఆరనివ్వండి. మెడ లోపలా కొంచెం రాయాలి, పౌడర్ పోసేముందు మొత్తం తుడిచేయాలి. మొదట్లో మైనం రకం లూబ్ మేలు, ఎంత రాశామో వేళ్లకే తెలుస్తుంది.

పాత కేస్‌లు కొనేటప్పుడు లోపలికి టార్చ్ వేసి చూడండి. నడిమధ్య ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, పనికొస్తుంది. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డన్, డైలోని పిన్ను విరిగిపోతుంది. సైన్యం వాడిన ఇత్తడిలో ప్రైమర్ చుట్టూ అంచు నొక్కి ఉంటుంది. దాన్ని తొలగించకుండా కొత్త ప్రైమర్ నెడితే నలిగిపోతుంది. ప్రైమర్ కేస్ అడుగు మట్టానికి రవ్వంత లోపల కూర్చోవాలి, బయటికి పొడుచుకొస్తే బోల్ట్ మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. ఈ పనంతా కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి.

యూనిఫ్లో మెజర్ గుండ్రటి పౌడర్లను చక్కగా కొలుస్తుంది. పొడవు పలుకుల పౌడర్లు డ్రమ్ములో తెగి, కొలత అటూ ఇటూ అవుతుంది. లీ మెజర్‌లో వ్యవహారం తిరగబడుతుంది: పలుకులను మెత్తగా వదులుతుంది, సన్నటి పౌడర్‌ను మాత్రం పక్కల నుంచి కారుస్తుంది. పలుకుల పౌడర్ అయితే కాస్త తక్కువగా పోసి, మిగిలింది కొద్దికొద్దిగా రాల్చే ట్రిక్లర్‌తో త్రాసు మీదే పూర్తిచేయండి. ఏ పౌడర్ ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూచే బరువు కొలత) అన్నది ప్రచురిత మాన్యువల్ నుంచే తీసుకోవాలి, అదీ అందులోని ప్రారంభ మోతాదు నుంచే. ఎలక్ట్రానిక్ త్రాసు ఫ్యాన్ గాలికీ, పక్కన పెట్టిన ఫోన్‌కీ అంకెలు మార్చేస్తుంది. బీమ్ త్రాసులో పెద్ద బరువు ఒక గంటు పక్కకు జరిగితే తేడా పెద్దది. ఏ త్రాసైనా పని మొదట్లోనూ చివర్లోనూ చెక్ వెయిట్‌తో సరిచూడండి. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉంచి, పని కాగానే మెజర్‌లో మిగిలింది అదే డబ్బాలో పోసేయండి.

ఇంట్లో నిల్వకు అమెరికా అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణం పొగలేని పౌడర్‌కు 20 పౌండ్లు, ప్రైమర్లకు 10,000. రెండూ కంపెనీ పెట్టెల్లోనే ఉండాలి. ప్రైమర్లను సీసాలో కలిపి పోయకూడదు. వాడిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కాబట్టి కేస్‌లను శుభ్రం చేసే టంబ్లర్‌ను వంటింట్లో తిప్పకండి, పిల్లలు ఆడే గదికి దూరంగా గరాజ్‌లో పెట్టండి, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కునే ఏదైనా ముట్టుకోండి.