విశాఖను చూడటానికి నడక మేలా, సైకిలు మేలా?

విశాఖపట్నంలో ఈ ప్రశ్న వేస్తే చాలామంది సైకిలు వైపే మొగ్గుతారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా దాదాపు పాతిక కిలోమీటర్లు సముద్రాన్ని అంటిపెట్టుకుని సాగే రోడ్డున్న ఊళ్లో అలా అనుకోవడంలో వింత లేదు. నా ఓటు మాత్రం నడకకే, ఆ ఒక్క రోడ్డునూ మినహాయించి.

పాత ఊరైన వన్‌టౌన్ సంగతి చూడండి. కురుపాం మార్కెట్ సందుల్లో సైకిలు తొక్కేవాడికి ముందున్న ఆటో తప్ప మరేదీ కనపడదు. తల ఎత్తితే కదా బంగారు కొట్ల పైన పాత మేడలు, పెచ్చులూడిన గోడలు, విక్టోరియా రాణి విగ్రహం కంటపడేది! అక్కడి నుంచి రేవు వైపు నడిస్తే మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఇంకోదాని మీద దర్గా, మూడోది మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్. ఒక కొండ ఎక్కి మరోవైపు దిగిపోవచ్చు. సైకిలుంటే అది ఆపిన చోటికే మళ్లీ రావాలి.

రాస్ హిల్ మీద కాసేపు ఆగడం మంచిది. కిందే ఓడరేవు కాలువ, అవతలి ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ. అదృష్టం బాగుంటే టగ్గుల (ఓడలను లాగే చిన్న పడవల) సాయంతో ఓ పెద్ద ఓడ మెల్లగా లోపలికి వస్తుంది, డెక్ మీద అటూ ఇటూ తిరిగే మనుషులు కూడా కనిపిస్తారు. 1933లో ఇక్కడే రేవు ఎందుకు తెరిచారో, ఆ కొండ సముద్రానికి ఎలా అడ్డు నిలిచిందో చూసి తెలుసుకోవచ్చు.

భీమిలి రోడ్డు మీద నడుస్తానని పంతం పట్టడం మాత్రం దండగ. చూడదగ్గ చోట్ల మధ్య కిలోమీటర్ల ఎడం ఉంటుంది. సైకిలు మీద చీకటితో బయల్దేరితే కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర తెల్లవారుతుంది. రుషికొండ దాటాక తొట్లకొండ ఎక్కి, బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూసి, మంగమారిపేట శిలాతోరణం దగ్గర ఆగవచ్చు. ఒక్క జాగ్రత్త: వేసవిలో గాలి నైరుతి నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. పొద్దెక్కేకొద్దీ దాని జోరూ పెరుగుతుంది. భీమిలి చేరాక 'నా కాళ్లలో ఇంత సత్తా ఉందా' అనిపిస్తే, అందులో సగం గాలిదే.

ఆ దారిలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిలు బయటే ఆపాలి. అది ఇంకా పూర్తిగా రాయిగా మారని ఇసుక. వాన నీరు కోసిన గండ్లలో నడుస్తుంటే రెండు వైపులా ఎర్రటి గోడలు మనిషిని మించి లేస్తాయి. వాలు మీద టైరు గాడి పడిందంటే వచ్చే వానకు నీరు దాన్నే కాలువ చేసుకుంటుంది. దిబ్బలెక్కి ఫోటోలు దిగేవారి కాళ్లూ తక్కువ చేటు చేయవు. కింది దారి వదలకుండా నడవాలి.

జూకు ఎదురుగా, హైవే అవతలున్న కంబాలకొండ అడవికీ నడకే తగినది, అదీ పొద్దున్నే.

దూరం నడవలేమనే మాట ఈ ఊళ్లో అంతగా చెల్లదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షలాది మంది 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పులు కూడా లేకుండా నడుస్తారు. ఆ దారిలో కొంత బీచ్ రోడ్డే.

సైకిలు లేనివారు భీమిలిని వదులుకోనక్కర్లేదు. సిటీ బస్సులో కిటికీ పక్కన, సముద్రం వైపు కూర్చుని వెళ్లి, డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు నడిచి చూడవచ్చు. ఎండ ముదిరేలోపు తిరుగు బస్సు ఎక్కేయవచ్చు, ఎదురుగాలి బెంగ కూడా ఉండదు.