పెద్ద కుక్కను దత్తత తీసుకుంటే హైదరాబాద్‌లో ఏది మేలు?

“పెద్ద కుక్క కావాలండీ, కానీ సాధువుగా ఉండాలి. ఇంట్లో పిల్లలున్నారు, మా అత్తయ్య కూడా ఉంటారు.” దత్తత గురించి అడిగేవాళ్లలో చాలామంది మొదలుపెట్టేది ఇలాగే. మన ఊళ్లో అలాంటి కుక్కలకు కొదవ లేదు, బాధంతా అదే. వీసా వచ్చిందని ఒకరు, పాప పుట్టిందని ఒకరు, కొత్త ఇంటి ఓనర్ ఒప్పుకోలేదని ఇంకొకరు వదిలేస్తారు. ఈతలు అయిపోయిన ఆడకుక్కల్ని శివార్లలో దింపేసి పోయే బ్రీడర్లూ ఉన్నారు. ఇలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. దానికి భయపడేవాళ్లే తక్కువ.

షెల్టర్లలో, వాలంటీర్ల ఇళ్లలో దత్తతకు వచ్చే పెద్ద జాతుల్లో లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు ఉంటాయి. అప్పుడప్పుడు గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ కూడా వస్తాయి. నాలుగూ మెత్తని స్వభావానికి పేరున్నవే కాబట్టి, స్వభావాన్ని బట్టి వీటిలో ఒకటి తేల్చుకోవడం కుదరదు. నేనైతే ముందు బరువు చూడమంటాను. ఒంట్లో బాగోలేక అది లేవలేని రోజున, దాన్ని ఎత్తి బండెక్కించగలరా?

లాబ్రడార్ సుమారు 25 నుంచి 36 కిలోలు ఉంటుంది. గోల్డెన్ కూడా ఇంచుమించు అంతే. ఇద్దరు మనుషులు దుప్పట్లో వేసుకుని మెట్లు దించేయొచ్చు. గ్రేట్ డేన్ 50 కిలోల పైమాటే, మగదైతే 70 కూడా దాటొచ్చు. సెయింట్ బెర్నార్డ్ 80 దాకా పోతుంది. నల్లకుంటలో లిఫ్టు లేని ఇంట్లో రెండో అంతస్తు అనుకోండి. గోమార్లు కుట్టి టిక్ ఫీవర్ వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, కుక్క కాళ్ల మీద నిలబడటం లేదు. ఇది ఈ ఊళ్లో అరుదైన సంగతేం కాదు. నారాయణగూడలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రి దగ్గరే కావచ్చు, అక్కడిదాకా చేర్చేది ఎవరు? క్యాబ్ డ్రైవర్ కుక్కను చూసి ట్రిప్పు క్యాన్సిల్ చేస్తే సొంత కారు ఉండాలి.

బరువు పర్సును కూడా తాకుతుంది. యాంటీబయాటిక్ అయినా, గోమార్లకు వేసే బిళ్లయినా, ఆపరేషన్‌కు మత్తుమందయినా డోసు కిలోల లెక్కే. తిండి సంగతి సరేసరి, లాబ్రడార్ తినేదానికి గ్రేట్ డేన్ రెట్టింపు పైనే తింటుంది.

గ్రేట్ డేన్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఇంట్లో దానంత నెమ్మదైన కుక్క దొరకడం కష్టం. కాసేపు నడిపిస్తే చాలు, మిగతా రోజంతా సోఫా మీదే. అయితే ఛాతీ లోతుగా ఉండే ఈ జాతికి ఒక గండం ఉంది. కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోతుంది. కుక్క వాంతి చేసుకోవాలని చూస్తుంది, ఏమీ రాదు. పొట్ట బిగుసుకుపోతుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే ప్రాణం పోతుంది. రాత్రి రెండింటికి తెరిచి ఉండి, ఈ ఆపరేషన్ చేయగల ఆసుపత్రి మీ ఇంటికి ఎంత దూరమో కుక్కను తెచ్చుకోకముందే తెలుసుకోండి. ఆడకుక్కకు గర్భసంచి తీసే ఆపరేషన్ చేసేటప్పుడే కడుపు మెలితిరగకుండా దాన్ని పొట్ట లోపలి గోడకు కుట్టేయించుకునే వీలుంది, వెట్‌ను అడగండి. పైగా గ్రేట్ డేన్ ఆయుష్షు ఎనిమిది, పదేళ్లే. అయిదేళ్ల డేన్‌ను తెచ్చుకుంటే అది అప్పటికే సగం జీవితం దాటేసినట్టు. లాబ్రడార్, గోల్డెన్ పది, పన్నెండేళ్లు ఉంటాయి.

సెయింట్ బెర్నార్డ్ ఆల్ప్స్ కొండల్లో, మంచులో పుట్టిపెరిగిన జాతి. దాన్ని 42 డిగ్రీల మే నెలలోకి తెచ్చిపెట్టడమే తప్పు. కుక్కలు మనలా ఒళ్లంతా చెమట పట్టించుకోలేవు, రొప్పుతూ వేడి బయటికి పంపుతాయి. అంత దట్టమైన బొచ్చుతో, అంత ఒంటితో ఆ రొప్పు చాలదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఏసీ నడవదని మీకూ తెలుసు. చల్లగా ఉంటుందని బొచ్చు మొత్తం గొరిగించడం మరో పొరపాటు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. కొనమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఎవరో కొని వదిలేసింది ఒకటి ఇప్పటికే ఊళ్లో ఉంటే, దాన్ని ఎవరో ఒకరు తీసుకోవాలి కదా. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, జనరేటర్ మీద నడిచే ఏసీ గది, బలమైన మనుషులు ఇద్దరు ఉన్నవాళ్లకే ఆ మాట. చొంగ గోడలకు కూడా అంటుతుంది, అది వేరే సంగతి.

ఇక లాబ్రడార్. దానికి శత్రువు ఎండకంటే ఇంట్లోవాళ్ల ప్రేమే. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో కొంత భాగం లేదని కనుక్కున్నారు. పాపం, దానికి కడుపు నిండిన సంగతే సరిగా తెలియదు. అత్తయ్యగారు పెరుగన్నం, పిల్లలు బిస్కెట్లు, పనమ్మాయి ఒక రొట్టె ముక్క. ఏడాదికల్లా 45 కిలోలై తుంటి కీళ్లు అరిగిపోతాయి. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, అదీ కొలత. ఉల్లిపాయ వేసిన కూర, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం ఒక్క ముక్కయినా వద్దు. గోల్డెన్‌కూ ఇదంతా వర్తిస్తుంది, అదనంగా రోజూ దువ్వాలి.

మన దేశీ కుక్కను ఈ లెక్కలోకి ఎందుకు తేవాలంటారా? పెద్ద జాతి కాదు నిజమే, చాలావరకు 15 నుంచి 25 కిలోలు. కానీ పొట్టి బొచ్చు, ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు, పెద్ద జాతులను పీడించే కీళ్ల రోగాలు తక్కువ. ఒక్కరే ఎత్తుకుని దిగొచ్చు. కొత్తవాళ్లను చూస్తే మొరుగుతుంది, లాబ్రడార్‌లా వచ్చిన ప్రతివాడి ఒళ్లోనూ కూర్చోదు. రోజంతా చుట్టాలు వచ్చిపోయే ఇంటికి అది ఇబ్బందే. లిఫ్టు లేని మూడో అంతస్తుకు మాత్రం నా ఓటు దానికే. 1992 నుంచి నడుస్తున్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట్ల ఇల్లు కోసం చూసేవి ఇవే ఎక్కువ.

కాబట్టి, అత్తయ్యగారు, పిల్లలు ఉన్న మామూలు ఫ్లాట్‌కు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిన నాలుగు నుంచి ఆరేళ్ల లాబ్రడార్ మేలు. కూన వద్దు. పెద్ద జాతి కూనకు ఏడాదిన్నర దాకా ఒళ్లే పెరుగుతుంది కానీ బుద్ధి కుదురుకోదు, ఆ దూకుడుకు పెద్దవాళ్లు కింద పడతారు. పెరిగిన కుక్క ఎలాంటిదో కళ్ల ముందే కనిపిస్తుంది. చూడ్డానికి రెండుసార్లు వెళ్లండి, ఒకసారి అన్నం పెట్టే వేళకు. గిన్నె దగ్గరికి మనిషి వస్తే ఎలా ఉంటుంది, స్కూటర్ శబ్దానికి ఏం చేస్తుంది చూడండి. సాధు జాతే అయినా దెబ్బలు తిన్న కుక్క కరవొచ్చు.

వీలైతే ముందు రెండు మూడు వారాలు ఫోస్టర్‌గా తెచ్చుకుంటామని అడగండి. మొదటి మూడు రోజులు అది తిండి సరిగా తినకుండా మూల కూర్చుంటే టెన్షన్ పడొద్దు, మూడు వారాలకు ఇల్లు అలవాటవుతుంది, మూడు నెలలకు మీదవుతుంది. ఈలోగా కాగితాల పని చూసుకోవచ్చు. రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో జీహెచ్‌ఎంసీలో రిజిస్ట్రేషన్ చేయించాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కలు వద్దన్నా, లిఫ్టు ఎక్కనివ్వం అన్నా, కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు అవి చెల్లవంటాయి, ప్రింటు తీసి చూపించండి. అద్దె ఇల్లయితే మాత్రం కుక్క సంగతి ఓనర్‌తో ముందే మాట్లాడి అగ్రిమెంట్‌లో రాయించుకోండి.