రోజూ పీల్చే ఇన్‌హేలర్, స్పేసర్: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

తిత్లీ తుపానుకి ముందు నుంచీ వాడుతున్నాను కాబట్టి ఈపాటికి చెప్పే హక్కు వచ్చిందనుకుంటున్నా. అలర్జీ ఆస్తమాకి నేను డబ్బు పెట్టినవాటిలో బాగా పనికొచ్చినవి రెండే: రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం. మందుని ఆవిరిలా చేసి పీల్పించే కరెంటు మిషన్, నెబ్యులైజర్ కూడా ఉంది, అటక మీద ఉంది.

మాది ఉద్దానం, పలాసకి దగ్గర. పెంకుటిల్లు, సముద్రపు తేమ, పాత బూరుగుదూది పరుపులు. చర్మం మీద చేసే అలర్జీ పరీక్షలో నాకు పడనివి డస్ట్ మైట్స్, బూజు (సాలెగూడు కాదు, తేమకి పట్టే ఫంగస్) అని తేలింది. ఈ మైట్స్ కంటికి కనపడవు, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయి, తేమ ఉంటే వాటికి పండగే. పరుపు ఎండలో వేస్తే చాలంటారు మా వాళ్లు. ఎండకి పురుగు చచ్చినా దాని పెంట, ఒంటి ముక్కలు గుడ్డలోనే ఉంటాయి, మనకి పడనిది అదే. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో, అంటే 60 డిగ్రీల దగ్గర ఉతికితేనే ఫలితం.

ఇక మందు సంగతి. చాలామంది దగ్గర ఉండేది నీలం రంగు సాల్బుటమాల్ ఒక్కటే. అది బిగుసుకున్న ఊపిరి గొట్టాలని నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగైదు గంటలు హాయిగా ఉంటుంది, కానీ లోపలి వాపు అలాగే ఉంటుంది. వాపు తగ్గించేది స్టెరాయిడ్, అది పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది, అందుకే మనోళ్లు నాలుగు రోజులు పీల్చి ‘ఏటీ లేదు’ అని పక్కన పడేస్తారు. ఒక్క సాల్బుటమాల్ మీదే ఆధారపడొద్దని 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలే మార్చారు. నాకు డాక్టరు రాసింది బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, గొట్టాలని వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసినది. కళ్లాల్లో నూర్పులప్పుడు, భోగి పొగకి ఇప్పటికీ ఇబ్బందే, అయితే రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుని పిల్లికూతలు వినే రోజులు పోయాయి.

స్టెరాయిడ్ అనగానే ఇంట్లో టెన్షన్. "అలవాటైపోద్దిరా, ఇక మానలేవు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము, అదే దాడి ముదిరాక మింగించే స్టెరాయిడ్ మాత్రలు మిల్లీగ్రాముల లెక్క. నాకు కనిపించిన ఇబ్బందల్లా గొంతు బొంగురుపోవడం, ఒకసారి నాలుక మీద తెల్లటి పూత. పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తుంటే రెండూ లేవు.

స్పేసర్ లేకుండా నేరుగా కొట్టుకుంటే మందు చాలావరకు గొంతుకే అంటుకుంటుంది. ఇన్‌హేలర్ బాగా ఊపి, ఒక్క పఫ్ కొట్టి, నెమ్మదిగా లోపలికి తీసుకుని పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కి మళ్లీ ఊపాలి. గొట్టాన్ని సబ్బు నీళ్లలో కడిగి అలాగే ఆరనివ్వాలి, తువ్వాలుతో తుడిస్తే లోపల స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) పుట్టి మందు గోడలకి పట్టేస్తుంది. దీని లోపమల్లా సైజు. జేబులో పట్టదు, విజయనగరం బస్సులో తీస్తే పక్క సీటాయన బూర అనుకుని చూస్తాడు.

2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చి కొబ్బరి, జీడి తోటలన్నీ పడిపోయి కరెంటు పోయింది కదా, నెబ్యులైజర్ అప్పుడే అటకెక్కింది. తడిసిన ఇంట్లో గోడలంతా బూజు, నాకు సరిగ్గా పడనిది. ఆ రోజులు గట్టెక్కించింది కరెంటుతో పనిలేని ఈ గొట్టమే.

ఎంత గట్టిగా ఊదగలమో అంకెలో చూపించే పీక్ ఫ్లో మీటర్ కూడా కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది. మన బెస్ట్ అంకెలో 80 శాతం పైన ఉంటే ఫర్వాలేదు, 50 కిందకి పడితే నీలం ఇన్‌హేలర్ కొట్టుకుని ఆసుపత్రికి బయలుదేరడమే. ఆయాసం తెలియకముందే అంకె పడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆస్తమాకి, అలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర నాకు పడలేదు, పీడకలలు వచ్చాయి, డాక్టరు ఆపేశారు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మానసిక ప్రభావాల మీద గట్టి హెచ్చరికే పెట్టింది, ఇక్కడేమో జలుబని చెప్పినా షాపులో చేతిలో పెట్టేస్తారు.

ఇన్‌హేలర్ మీద నా అసలు కోపం వేరే. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాస్ వల్ల బుస్సుమంటూనే ఉంటుంది, ఖాళీ అని తెలియదు. అంకెలు తగ్గే కౌంటర్ ఉన్నదే అడగండి. మా దగ్గర అన్నిసార్లూ దొరకదు, శ్రీకాకుళం పని మీద వెళ్లినప్పుడు ఎక్స్‌పైరీ చూసి రెండు తెచ్చి పెట్టుకుంటాను.