టైమర్1తో సర్వో పల్సులు: చాలాకాలం వాడాక

సర్వో అంటే అందిన పల్సు వెడల్పును బట్టి ఒక కోణానికి తిరిగి నిలిచే చిన్న మోటారు. అది వణికితే నేను భరించలేను. నాది కెమెరాను తిప్పే చిన్న అమరిక. ఎక్కడ ఆపితే అక్కడ కదలకుండా నిలవాలి. ఆర్డ్వినో ఊనో లాంటి బోర్డుల్లో ఉండే ఏటీమెగా328పి చిప్‌లోని టైమర్1తో (లోపలి లెక్కింపు గడియారాల్లో ఒకటి) నేరుగా పల్సులు పుట్టించడం మొదలుపెట్టాక అది అలాగే నిలుస్తోంది.

దీని విలువ తెలిసింది అదే బోర్డుకు 60 దీపాల ఎల్‌ఈడీ పట్టీ కలిపినప్పుడు. డబ్ల్యూఎస్2812 దీపాలకు రంగులు పంపేంతసేపూ వాటి లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) ఇంటరప్టులను, అంటే నడుస్తున్న పనిని ఆపి మరో పని చేయించే సంకేతాలను, ఆపేస్తుంది. దీపానికి 30 మైక్రోసెకన్ల చొప్పున మొత్తం 1.8 మిల్లీసెకన్లు. మామూలు సర్వో లైబ్రరీ పల్సును ముగించేది ఇంటరప్టులోనే. ఆ వేళకు ఇంటరప్టు అందకపోతే 1.5 మిల్లీసెకన్ల పల్సు మూడు దాటిపోవచ్చు. రంగు మారినప్పుడల్లా కెమెరా పక్కకు ఎగిరిపడేది, గేర్లు కరకరలాడేవి. విద్యుత్తు విడిగా ఇచ్చి చూసినా మార్పు లేదు.

పల్సును టైమర్1కు అప్పగించగానే గొడవ ఆగిపోయింది. 16 మెగాహెర్ట్జ్ క్లాక్, దాన్ని భాగించే ప్రీస్కేలర్ 8, టైమర్ ఎంతవరకు లెక్కించాలో చెప్పే ఐసీఆర్1 రిజిస్టర్‌లో 39999 పెడితే సరిగ్గా 20 మిల్లీసెకన్లకో పల్సు. పల్సు ఎక్కడ ముగియాలో చెప్పే ఓసీఆర్1ఏలో 2999 వేస్తే దాని వెడల్పు 1.5 మిల్లీసెకన్లు. పిన్నును ఎత్తేదీ దించేదీ హార్డ్‌వేరే, ప్రోగ్రాముతో దానికి పని లేదు. పట్టీ మీద రంగులు పరుగులు తీస్తున్నా ఆసిలోస్కోప్‌లో పల్సు చివరి అంచు గీత గీసినట్టు నిలబడింది. పల్సు మధ్యలో కొత్త విలువ రాసినా అది తర్వాతి పల్సు నుంచే అమలవుతుంది కాబట్టి తెగిన పల్సులూ రావు. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను.

ఇందులో లోపమే లేదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ప్రోగ్రాము నిలిచిపోయినా టైమర్ ఆగదు. ఒకసారి సెన్సర్ తీగ ఊడిపోయి, దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రాము అక్కడే ఉండిపోయింది. అప్పటికి కెమెరా చట్రానికి ఆనుకుని ఉంది. సర్వో దాన్ని నెడుతూనే ఉండి చేయి పెట్టలేనంతగా వేడెక్కిపోయింది. అప్పటి నుంచి వాచ్‌డాగ్ (ప్రోగ్రాము నిలిచిపోతే చిప్‌ను రీసెట్ చేసే టైమర్) లేకుండా ఈ పద్ధతి వాడను. రీసెట్ అయితే పిన్నులు ఇన్‌పుట్‌గా మారి పల్సులు ఆగుతాయి, నా సర్వోలు పట్టు వదిలేస్తాయి. కొన్ని డిజిటల్ సర్వోలు మాత్రం అప్పుడు కూడా వదలవు.

పైగా టైమర్1 నేరుగా నడిపేవి 9, 10 పిన్నులే కాబట్టి రెండే సర్వోలు. 8 బిట్ల టైమర్2ను వాడుదామంటే, ప్రీస్కేలర్ 1024తో పల్సు వెడల్పును మార్చగల ఒక్కో మెట్టు 64 మైక్రోసెకన్లు. ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్ల మధ్య పదహారు మెట్లు కూడా దక్కవు. కెమెరాకు అది బొత్తిగా పనికిరాదు.

అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, నాకు రెండు సర్వోలు చాలు గనుక దీనితోనే ఉన్నాను. పది పన్నెండు నడపాల్సినవాళ్లకు 16 చానళ్ల పీసీఏ9685 చిప్ హాయి. కాకపోతే 50 హెర్ట్జ్ దగ్గర దాని మెట్టు దాదాపు 4.9 మైక్రోసెకన్లు, టైమర్1ది అర మైక్రోసెకనే. డెడ్‌బ్యాండ్ (సర్వో పట్టించుకోని చిన్న పల్సు తేడా) తక్కువున్న సర్వోతో కెమెరాను నెమ్మదిగా తిప్పేవాళ్లకు ఆ తేడా కనిపిస్తుంది.