నాక్స్‌విల్ మట్టి ట్రాక్: రేసు, రూము, రేసర్ల సంపాదన

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నాక్స్‌విల్ చిన్న ఊరు, జనాభా ఎనిమిది వేలు కూడా ఉండదు. కానీ ఆగస్టులో నాలుగు రాత్రులు నేషనల్స్ జరిగేటప్పుడు అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. 1961లో మొదలైన స్ప్రింట్ కార్ల పోటీ ఇది. అరమైలు ట్రాక్ మన నల్లరేగడి చేలను గుర్తుకు తెస్తుంది. కారు డ్రైవరుతో కలిపి 650 కిలోలకు అటూ ఇటూ, ఇంజను శక్తి మాత్రం 900 హార్స్‌పవర్, పైన పెద్ద రెక్క. స్టార్టరూ క్లచ్చూ ఉండవు, వెనక నుంచి ట్రక్కు నెడితేనే ఇంజను అందుకుంటుంది.

ముందు బస సంగతి. ఊళ్ళో హోటళ్ళు చాలా తక్కువ, ఉన్నవీ పాత గిరాకీలకే పోతాయి. మేము చేసుకున్న బుకింగును ఒక మోటెల్ వాళ్ళు వారం ముందు రద్దు చేశారు. డబ్బు తిరిగొచ్చింది కానీ ఆ వారమంతా టెన్షనే. చివరికి పక్కనున్న పెల్లాలో రూము దొరికింది. డచ్చివాళ్ళు కట్టుకున్న ఊరు, గాలిమర, బేకరీలతో ముచ్చటగా ఉంటుంది. కారులో ఇరవై నిమిషాల దారి. పిల్లలుంటే నా ఓటు పెల్లాకే. డెమాయిన్‌లో రూములు ఎక్కువే, మన భోజనమూ దొరుకుతుంది, కానీ రేసు ముగిశాక అర్ధరాత్రి 40 మైళ్ళు డ్రైవ్ చేయాలి. అసలు అభిమానులు ట్రాక్ చుట్టూ క్యాంపుల్లోనే ఉంటారు. అక్కడ నిద్ర మీద ఆశ పెట్టుకోకూడదు. తిండి విషయంలో శాకాహారులకు మొక్కజొన్న, వేయించిన చీజ్ తప్ప పెద్దగా ఏమీ లేవు. మేము పులిహోర చేసుకెళ్ళి పార్కింగులో తిన్నాం.

సీటు పై వరసల్లో తీసుకోండి. కింద కూర్చుంటే మట్టి పెళ్ళలు ఒళ్ళో పడతాయి. చెవుల్లోకి ప్లగ్గులు తప్పనిసరి.

నాకు బాగా నచ్చింది మాత్రం రేసయ్యాక టీములు కార్లు బాగుచేసుకునే పిట్స్‌లో తిరగడం. ఒక టీం దగ్గర కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని రెక్క మీది మట్టిని బద్దతో గీకుతున్నాడు. ఇంకొకతను కుడి వెనక టైరు అరుగుదలను కొలిచి, సుద్దతో గుర్తేసి పక్కన పెడుతున్నాడు. ఒక్క రాత్రికే ఆ టైరు పని అయిపోయింది. 410 క్యూబిక్ అంగుళాల కొత్త ఇంజను ఖరీదు 60 వేల డాలర్లకు పైమాటే. కొన్ని రేసులకోసారి దాన్ని మొత్తం విప్పి బాగుచేయించాలి, దానికీ వేలల్లోనే. పైగా ఒక్క ఇంజనుతో సీజన్ గడవదు.

రాబడి వైపు చూద్దాం. 2019 నేషనల్స్‌లో డేవిడ్ గ్రావెల్‌కు వచ్చిన మొదటి బహుమతి లక్షా యాభై వేల డాలర్లు. వినడానికి ఘనంగానే ఉంది, కానీ అది ఏడాదికి ఒక్కరికి దక్కేది. 1978లో మొదలై దేశమంతా తిరిగే వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ రేసుల సిరీస్‌లో మామూలు రాత్రి గెలుపు చాలాకాలం పది వేల డాలర్లే. జీతానికి కాకుండా వాటాకు నడిపే డ్రైవరుకు అందులో సుమారు 40 శాతం, అంటే నాలుగు వేలు చేతికొస్తాయి. మిగిలింది ఓనరుది. అందులోంచే టైర్లు, రేసు కారు ఇంధనమైన మెథనాల్, ట్రక్కు డీజిలు, మెకానిక్కుల జీతాలు. ఫైనల్లో వెనకబడ్డవాళ్ళకు వచ్చేది వెయ్యి డాలర్ల చుట్టుపక్కల. ఫైనల్‌కు చేరకపోతే దారి ఖర్చులైనా రావు. ఫిబ్రవరిలో ఫ్లోరిడా నుంచి నవంబరులో షార్లెట్ దాకా ఇదే బతుకు. స్పాన్సరు లేకుండా బహుమతి డబ్బుతో టీం నడవడం కల్ల.

అందుకే టీములు టీషర్టులమ్మే ట్రైలర్లు పెడతాయి. మేము ఆగిన చోట కిటికీ దగ్గర డ్రైవరు తల్లి కూర్చుని కొనేవాళ్ళ క్రెడిట్ కార్డులు గీకుతోంది. మా ఆవిడ బేరమాడబోతే నేనే ఆపాను. "ఈ డబ్బు ఎటు పోతుందండీ?" అని అడిగితే ఆ తల్లి దాపరికం లేకుండా, "ఇక్కడిది సరుక్కి పోను మాకే, బహుమతిలో మాత్రం అందరికీ వాటాలుంటాయి" అంది. సొట్టపడ్డ రెక్క రేకుల మీద సంతకం చేసి అవి కూడా అమ్ముతున్నారు. గెలవని రాత్రి డీజిలుకు డబ్బులు ఇక్కడే పుడుతున్నాయి.

ట్రాక్ పక్కనే ఉన్న స్ప్రింట్ కార్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. స్టీవ్ కిన్సర్ ఇక్కడ 12 నేషనల్స్ గెలిచాడు. కానీ నా అభిమానం బాబీ అలెన్ మీద. 1990లో ఎవరూ ఊహించని గెలుపు ఆయనది. తర్వాత కొడుకు జేకబ్‌తో, మనవడు లోగన్ షూహార్ట్‌తో కలిసి చిన్న బడ్జెట్ టీం నడిపాడు. 2023 జులైలో ఒహాయోలోని ఎల్డోరాలో జరిగిన మిలియన్ డాలర్ల రేసును ఆ లోగనే గెలిచాడు. బహుమతి 10,02,023 డాలర్లు. ఇటీవల నేషనల్స్ మూడుసార్లు గెలిచిన కైల్ లార్సన్‌కు నాస్కార్ (ఎక్కువగా తారు ట్రాకుల మీద జరిగే పెద్ద కార్ల రేసులు) ఉద్యోగం ఉంది. అలెన్ కుటుంబానికి ఈ మట్టే ఆధారం, అందుకే ఆ గెలుపు నాకంత ఇష్టం. లార్సన్ తన బావ బ్రాడ్ స్వీట్‌తో కలిసి పెట్టిన హై లిమిట్ సిరీస్ 2024లో దేశమంతా తిరగడం మొదలుపెట్టింది. టీముల కోసం రెండు సిరీస్‌లు పోటీపడటంతో బహుమతులు పెరిగాయి. రేసర్లకు ఇది నిజంగా మంచి కాలమే.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు నేషనల్స్ బదులు వేసవిలో మామూలు శనివారం చూసుకోండి. టికెట్ చవక, రూము సులువు, డ్రైవర్లు తీరిగ్గా మాట్లాడతారు. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్ వైపు ఉన్న మనవాళ్ళకు అయోవా దాకా ప్రయాణం అక్కర్లేదు. శుక్రవారం విలియమ్స్ గ్రోవ్ ట్రాక్, శనివారం లింకన్ లేదా పోర్ట్ రాయల్ ట్రాక్ ఉన్నాయి. అక్కడి రేసర్లు రేసయ్యాక ఇంటికెళ్ళి పడుకోగలరు కాబట్టి దారి ఖర్చు లేదు. దేశం తిరగకుండానే రేసింగ్‌తో ఇల్లు నడుపుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఎక్కువ. టీషర్టు కొనాలనుకుంటే మాత్రం రేసు మొదలవకముందే వెళ్ళండి, తర్వాత పిల్లల సైజులు దొరకవు.